కుదరని ప్యాకింగు

తెల్లవారుజామున కారు స్టార్ట్ చేయగానే బానెట్ కింద టిక్ టిక్ మని సన్నటి చప్పుడు. యాక్సిలరేటర్ తొక్కితే చప్పుడూ వేగం అందుకుంటుంది. పది నిమిషాలు బండి నడిచాక దానంతట అదే మాయమవుతుంది. ట్యాపెట్ శబ్దమనుకుని వాల్వుల క్లియరెన్సు సరిచేయించేవాళ్లు ఉంటారు, వేడెక్కితే పోతోంది కదా అని వదిలేసేవాళ్లూ ఉంటారు. ఈమధ్యనే ఎగ్జాస్ట్ మానిఫోల్డో, కెటాలిటిక్ కన్వర్టరో, ఈజీఆర్ వాల్వో బయటి తయారీది వేయించి ఉంటే మాత్రం ముందుగా అనుమానించాల్సింది దాని ఫ్లాంజి కింద నలుగుతున్న ప్యాకింగును, అంటే గ్యాస్‌కెట్‌నే. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ అక్కడొక సందు ఉంటుంది. సిలిండరు నుంచి పొగ వెలువడిన ప్రతిసారీ కొంత ఆ సందులోంచి చిమ్ముతుంది. లోహం వేడికి వ్యాకోచించాక సందు ఇరుకై శబ్దం ఆగుతుంది. శబ్దం ఆగినంత మాత్రాన లీకు పూర్తిగా ఆగినట్టు కాదు.

తక్కువ ఖరీదు చేసే ఈ పలుచటి ముక్క కుదరకపోవడం వల్ల వేల రూపాయల కన్వర్టర్లు పాడవుతున్నాయి, బాగున్న కన్వర్టర్లు చెడిపోయాయన్న పేరుతో బయటికి పోతున్నాయి. పార్టు ఒకరు చేస్తారు, గ్యాస్‌కెట్ మరొకరు చేస్తారు, ఇంజను ఇంకెవరో చేస్తారు. ఆ మూడూ కలిసే జాయింటును మాత్రం ఏ ఫ్యాక్టరీ తయారుచేయదు. అది తయారయ్యేది షెడ్డులో, మెకానిక్ చేతుల్లో. అందుకే దాని వెనక ఉన్న సైన్సు ఆ చేతులకూ, బండి యజమానికీ తెలియాలి.

అద్దంలా మెరిసే లోహపు ముఖం కూడా సూక్ష్మదర్శినిలో చూస్తే గుట్టలూ గోతులే. అలాంటి రెండు ముఖాలను ఎంత గట్టిగా బిగించినా అవి కొన్ని గుట్టల కొసల దగ్గరే తాకుతాయి. మిగతా చోటంతా వాయువుకు దారి ఉంటుంది. ఆ గోతుల్లోకి ఒదిగేంత మెత్తగా, పెట్రోలు ఇంజను ఎగ్జాస్ట్‌లో 800 డిగ్రీల సెల్సియస్ దాటే వేడికి తట్టుకునేంత మొండిగా ఉండే పదార్థం మధ్యలో కావాలి. బోల్టు పట్టు కాస్త సడలినా, ఫ్లాంజి కాస్త వంగినా మళ్లీ పైకి లేచి సందును మూసే స్ప్రింగు గుణమూ దానికి ఉండాలి. ఈ మూడు గుణాలూ ఒక్క పదార్థంలో దొరకవు. అందుకే ఎగ్జాస్ట్ గ్యాస్‌కెట్లను పొరలుగా చేస్తారు. ఒక రకంలో చిల్లులు పొడిచిన స్టీలు రేకుకు రెండు వైపులా గ్రాఫైట్ నొక్కి ఉంటుంది. ఇంకో రకంలో పలుచటి స్టెయిన్‌లెస్ రేకులను, పొగ దారి (పోర్టు) చుట్టూ గట్టులా ముడత నొక్కి, ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. ఆ ముడతే స్ప్రింగు.

పట్టునిచ్చేది బోల్టు. ఎనిమిది మిల్లీమీటర్ల స్టడ్డు మీద నట్టును 22 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగిస్తే, మరలు పొడిగా ఉన్నప్పుడు, దాదాపు 13,700 న్యూటన్ల పట్టు వస్తుంది. అంటే ఒక్కో నట్టూ సుమారు 1,400 కిలోల బరువుతో ఫ్లాంజిని నొక్కుతున్నట్టు లెక్క. ఈ బలం పోర్టు చుట్టూ సమానంగా పరుచుకుంటేనే ప్యాకింగు పని చేస్తుంది. ఫ్లాంజి వంకరగా ఉంటే నట్ల దగ్గర ప్యాకింగు నలిగిపోతుంది, నట్లకు దూరంగా ఉన్న నడిమి భాగంలో ఊరికే కూర్చుంటుంది. లీకు మొదలయ్యేది ఆ నడిమి భాగంలోనే.

ఇక్కడే చాలామందికి సందేహం వస్తుంది. ఎగ్జాస్ట్ లోపల పీడనం ఎక్కువ కదా, పొగ బయటికి పోవచ్చుగానీ బయటి గాలి లోపలికి ఎలా వస్తుంది? ఎగ్జాస్ట్ పైపులో పొగ కుళాయి నీళ్లలా ఏకధారగా ప్రవహించదు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 చుట్లతో ఐడిల్‌లో తిరుగుతుంటే సెకనుకు ఇంచుమించు 27 సార్లు ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. తెరుచుకున్న ప్రతిసారీ ఒక పీడన తరంగం దూసుకుపోతుంది. దాని వెనకే పీడనం వాతావరణ పీడనం కంటే కిందికి పడిపోయే క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణంలో సందులోంచి గాలిని పైపే లోపలికి పీల్చుకుంటుంది. ఐడిల్‌లో తరంగాలకు మధ్య విరామం ఎక్కువ కాబట్టి పీల్చుకోవడమూ ఎక్కువే.

ఆ పీల్చిన గాలి వెళ్లి ఆక్సిజన్ సెన్సరును తాకుతుంది. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ తయారుచేసిన ఈ సెన్సరు 1976లో వోల్వో కార్లలో మొదటిసారి రోడ్డెక్కింది. జిర్కోనియా అనే పింగాణీ జాతి పదార్థం వేడెక్కితే ఆక్సిజన్ అయాన్లను తనలోంచి పోనిస్తుంది. ఒకవైపు బయటి గాలి, మరోవైపు పొగ ఉంటే, రెంటిలోని ఆక్సిజన్ తేడాను బట్టి వోల్టేజి పుడుతుంది. పొగలో ఆక్సిజన్ దాదాపు లేకపోతే 0.9 వోల్టు, మిగులుంటే 0.1 వోల్టు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగే ఆ వోల్టేజిని చూసుకుంటూ ఇంజను కంప్యూటరు (ఈసీయూ) ఆ నిష్పత్తి దగ్గరే ఇంజనును నిలబెడుతుంది.

సెన్సరుకు ముందున్న జాయింటు గాలి పీల్చిందంటే ఈ ఏర్పాటంతా తలకిందులవుతుంది. ఆ ఆక్సిజన్ సిలిండరులో మిగిలినది కాదనీ, ప్యాకింగు పక్కనుంచి వచ్చిందనీ సెన్సరుకు తెలిసే దారి లేదు. పెట్రోలు తక్కువైందని కబురు పంపుతుంది. ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. సందు అలాగే ఉంటుంది కాబట్టి ఇంకా పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్, సగం కాలిన ఇంధనం పెరుగుతాయి. అవి లీకు ద్వారా వచ్చిన గాలితో కలిసి కన్వర్టరు లోపల మండుతాయి. అక్కడి తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం రేణువులు పరిచి ఉంటాయి. మితిమీరిన వేడికి ఆ రేణువులు ఒకదానితో ఒకటి కలిసిపోయి ముద్దలవుతాయి, పనిచేసే ఉపరితలం తగ్గిపోతుంది. వేడి మరీ పెరిగితే దిమ్మే కరుగుతుంది.

నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి ఇంకో రకం. మూడు రకాల కాలుష్యాన్నీ ఒకేసారి తగ్గించే కన్వర్టరు ఒక సున్నితమైన బేరం మీద నడుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు ఆక్సిజన్ కావాలి, నైట్రిక్ ఆక్సైడ్ తన ఆక్సిజన్‌ను వదులుకోవాలి. వేరే ఆక్సిజన్ అందుబాటులో లేనప్పుడే మొదటిది రెండోదాని దగ్గర తీసుకుంటుంది. సందులోంచి స్వేచ్ఛగా ఆక్సిజన్ వస్తుంటే కార్బన్ మోనాక్సైడ్ దాన్నే అందుకుంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ అలాగే బయటికి పోతుంది. పెట్రోలు కారు కిలోమీటరుకు 60 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు దాటకూడదని బీఎస్-6 ఉద్గార ప్రమాణం చెబుతోంది. ఆ హద్దులో ఉండాలంటే కన్వర్టరు చేసే పని దాదాపు సంపూర్ణంగా ఉండాలి. వెంట్రుకవాసి సందు చాలు దాన్ని చెడగొట్టడానికి.

లీకులన్నీ ఒకే స్థాయివి కావు. సైలెన్సరు దగ్గరి జాయింటు కారితే చెవులకు బాధ, సెన్సర్లకు మాత్రం పెద్ద నష్టం లేదు. మొదటి సెన్సరుకు ముందు కారితే పైన చెప్పినదంతా జరుగుతుంది, స్కానర్ పెడితే మిశ్రమం పలచబడిందని పి0171 కోడ్ చూపించవచ్చు. కన్వర్టరు చుట్టుపక్కల, దాని పనితీరు చూసే రెండో సెన్సరుకు దగ్గర్లో కారితే పి0420 రావచ్చు. దాని అర్థం కన్వర్టరు సామర్థ్యం తగ్గిందని. స్క్రీను మీద ఆ మాట చూసి కొత్త కన్వర్టరు చెప్పేయడం చాలా షెడ్లలో ఆనవాయితీ. కోడ్ చెప్పేది సెన్సరు ఏం చూసిందో అంతే, ఎందుకు చూసిందో కాదు. జాయింటు పరీక్షించకుండా కన్వర్టరు మార్చడం తప్పు, ఎందుకంటే ఆ లీకు కొత్త కన్వర్టరునూ అలాగే నిందిస్తుంది.

బయటి తయారీ పార్టు ఎందుకు కుదరదు? నాసిరకం అనేస్తే సరిపోదు. కంపెనీ దగ్గర డ్రాయింగు ఉంటుంది, ప్రతి కొలతకూ ఇంతవరకు అటూ ఇటూ ఉండవచ్చన్న హద్దు రాసి ఉంటుంది. నకలు చేసేవాడి చేతిలో ఉండేది ఒక్క నమూనా. ఆ నమూనా కొలత హద్దులో ఏ కొసన ఉందో అతనికి తెలియదు. వాడిన పార్టునే నమూనాగా తీసుకుంటే ఏళ్ల తరబడి వేడికి వచ్చిన వంపు కూడా కొలతలోకి ఎక్కుతుంది. ఒకే మోడల్ కారులో తయారీ మధ్యలో ఫ్లాంజి ఆకారమో, సెన్సరు చోటో మారుస్తుంటారు. పార్టు నంబరులో చివరి అక్షరం మారిందంటే అలాంటిదేదో జరిగి ఉండవచ్చు. ఛాసిస్ నంబరు చెప్పి పార్టు తీసుకోమని మంచి దుకాణదారు పట్టుబట్టేది ఇందుకే.

వెల్డింగు ఇంకో కారణం. పైపును ఫ్లాంజికి వెల్డ్ చేసినప్పుడు కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోయి ఫ్లాంజిని తనవైపు లాగుతుంది. మందపాటి ఫ్లాంజి ఆ లాగుడును తట్టుకుంటుంది, ఖర్చు తగ్గించడానికి పలుచగా చేసినది వంగిపోతుంది. వెల్డింగు తర్వాత ముఖాన్ని మళ్లీ మిషన్ చేస్తే ఆ వంపు పోతుంది. చవక పార్టుల్లో తరచుగా ఎగిరిపోయే మెట్టు ఇదే. పెట్టెలోంచి తీసిన పార్టు ముఖం మీద కట్టర్ తిరిగిన గీతలు కనిపిస్తున్నాయా, లేక వెల్డింగు వేడికి వచ్చిన నీలి రంగు అలాగే ఉందా అన్నది చూస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

వ్యాకోచం లెక్క వేసి చూస్తే నట్టు రంధ్రాల గొడవ అర్థమవుతుంది. 400 మిల్లీమీటర్ల పొడవున్న స్టెయిన్‌లెస్ మానిఫోల్డ్ ఫ్లాంజి 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2.7 మిల్లీమీటర్లు సాగుతుంది. పోత ఇనుముదైతే సుమారు 1.8. నీళ్లతో చల్లబడే అల్యూమినియం హెడ్ 80 డిగ్రీలు పెరిగితే సాగేది ముప్పావు మిల్లీమీటరే. అంటే స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఫ్లాంజి హెడ్ మీద జారుతుంది, చల్లారినప్పుడు వెనక్కి వస్తుంది, మధ్యలో ప్యాకింగు రెండు వైపులా రాపిడి తింటుంది. అందుకే కంపెనీ మానిఫోల్డ్‌లో చాలాసార్లు నడుమ రంధ్రాలు బిగుతుగా, చివరి రంధ్రాలు పెద్దవిగానో కోలగానో ఉంటాయి. నకలులో అన్నీ ఒకే సైజు గుండ్రటి రంధ్రాలైతే సాగడానికి చోటు లేక ఫ్లాంజి విల్లులా వంగుతుంది, లేదా చివరి స్టడ్డు విరుగుతుంది. చివరి రంధ్రాలను ఆకురాయితో పొడవు దిశలో కాస్త కోలగా చేసి, మందపాటి వాషర్ వేయడం సరైన మరమ్మతే. నడుమ రంధ్రం జోలికి పోకూడదు.

ఇక పని మొదలుపెట్టే ముందు ప్యాకింగును పొడిగా పెట్టి చూడాలి. ఒకసారి ఇంజను వైపు ముఖం మీద, ఒకసారి కొత్త పార్టు ముఖం మీద. ప్యాకింగు అంచు పోర్టులోకి పొడుచుకు వస్తోందా, పోర్టు అంచు ప్యాకింగు రంధ్రం బయటికి పోతోందా అన్నవి రెండూ చూడాలి. పొడుచుకు వచ్చిన అంచు వేడి పొగ దెబ్బకు మొదట మాడి, అక్కడి నుంచి లోపలికి తింటూ పోతుంది. రంధ్రం మరీ పెద్దదైతే నొక్కుడు పడే వెడల్పు తగ్గిపోతుంది.

ఈజీఆర్ విషయంలో ఒక హెచ్చరిక. కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ సిలిండరులోకి పంపి మంట వేడిని తగ్గించడం ఈ వాల్వు పని. నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్‌గా మారడం 1,500 డిగ్రీల సెల్సియస్ దాటాక ఊపందుకుంటుంది, మంట చల్లబడితే అది తగ్గుతుంది. కొన్ని ఇంజన్లలో ఈజీఆర్ ప్యాకింగు రంధ్రం కావాలనే పోర్టు కంటే చిన్నదిగా ఉంటుంది. ఎంత పొగ తిరిగి రావాలో ఆ రంధ్రమే నిర్ణయిస్తుంది. కుదరలేదనుకుని దాన్ని కత్తిరించి పెద్దది చేస్తే లెక్క తప్పుతుంది. పాత ప్యాకింగును పారేయకుండా కొత్తదాని మీద పెట్టి పోల్చాలని చెప్పేది అందుకే. ఈజీఆర్ దారినే మూసేసే గుడ్డి ప్లేటు వేయడం మరమ్మతు కాదు. బీఎస్-4లో డీజిలు కారుకు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాములున్న నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దును బీఎస్-6 80కి దించింది. గుడ్డి ప్లేటు ఆ శ్రమనంతా ఊరి గాలిలో కలిపేస్తుంది.

ముఖం చదునుగా ఉందో లేదో చూడటానికి స్టీలు స్కేలు, ఫీలర్ గేజ్ చాలు. పొడవునా, అడ్డంగా, ఐమూలగా స్కేలు నిలబెట్టి కింద గేజ్ ఆకు ఎక్కడ దూరుతుందో చూడాలి. ఎంతవరకు వంపు ఫరవాలేదన్నది ఇంజనుకొక రకం, సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. దాటితే లేత్ షాపుకు పంపి ఫేసింగ్ చేయించాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇది అరపూట పని. ఇక్కడ ఒక పద్ధతి పాటించాలి. సర్దుబాటు ఎప్పుడూ కొత్త పార్టుకే చేయాలి, ఇంజను వైపు ముఖాన్ని తప్పనిసరైతే తప్ప ముట్టుకోకూడదు. ప్యాకింగును అసలే చెక్కకూడదు. స్టీలు పొరల రకాన్ని కత్తిరిస్తే ముడత తెగి స్ప్రింగు పోతుంది. గ్రాఫైట్ రకాన్ని కత్తిరిస్తే లోపలి రేకు బయటపడి పొరలు విడిపోతాయి.

సందు పెద్దదిగా ఉందని రెండు ప్యాకింగులు వేయడం మన దగ్గర బాగా అలవాటు. మెత్తటి పదార్థం ఎంత మందంగా ఉంటే వేడికి అంత కుంగుతుంది, బోల్టు పట్టు అంత సడలుతుంది. పైగా మూసి ఉంచాల్సిన అతుకులు రెండు కాస్తా మూడవుతాయి. సిలికాన్ పేస్టు పూయడం అంతకంటే నష్టం. మామూలు సిలికాన్ 250, 300 డిగ్రీల దగ్గరే చేతులెత్తేస్తుంది. దాని ఆవిరి సెన్సరు మీద ఇసుక జాతి పొరగా పేరుకుని సెన్సరును చంపుతుంది. సెన్సరుకు హాని చేయదని రాసి ఉన్న రకాలున్నా వాటి చోటు ఆయిల్ పాన్ దగ్గర, ఎగ్జాస్ట్ ముఖం మీద కాదు.

కంపెనీ ప్యాకింగు దొరకనప్పుడు షీటు కొని కోయించుకోవడం తప్పేమీ కాదు, పదార్థం తెలిసి ఎంచుకోవాలి. గ్రాఫైట్ కార్బనే కాబట్టి గాలి తగిలే చోట 450 డిగ్రీలు దాటితే మెల్లగా మండిపోతుంది. డీజిలు ఈజీఆర్ కూలర్ తర్వాత ఉండే చల్లటి జాయింటుకు అది బాగుంటుంది, పెట్రోలు మానిఫోల్డ్‌కు అంచులు లోహంతో కప్పి ఉంటే తప్ప నిలవదు. అంతకు మించిన వేడికి అభ్రకం, వర్మిక్యులైట్ కలిపిన షీట్లు వస్తున్నాయి. ఇవి ఇప్పటికే ఆక్సిజన్‌తో కట్టుబడి ఉన్న ఖనిజాలు, కొత్తగా మండటానికి వాటిలో ఏమీ లేదు. విద్యుత్ పరికరాల కోసం ఒకప్పుడు దేశదేశాలకు ఎగుమతి అయిన గూడూరు, సైదాపురం గనుల సరుకు ఈ అభ్రకం జాతే.

పాత బండ్ల ప్యాకింగు గీకేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. అందులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. దాని సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లోకి చేరితే దశాబ్దాల తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు. ఐరోపా సమాఖ్య 2005 నుంచి దాన్ని నిషేధించింది, షీటు గ్యాస్‌కెట్లతో సహా తెల్ల ఆస్‌బెస్టాస్ మీద అమెరికా 2024 మార్చిలో నిషేధం ప్రకటించింది. నీళ్లు చల్లి, తడిగా ఉండగానే, ప్లాస్టిక్ గీకుడు పలకతో తీయాలి. గ్రైండరు పెట్టి రుద్దడం, ఎయిర్ పైపుతో ఊదడం మానాలి. షెడ్డులో పనిచేసే పిల్లలు ఆ దుమ్మును పీల్చే ప్రమాదం ఉందన్నది మనందరం పట్టించుకోవాల్సిన విషయం.

బిగింపులో చేతి అంచనా పనికిరాదు. మనం తిప్పే బలంలో దాదాపు తొంభై శాతం నట్టు కింద, మరల మధ్య రాపిడికే పోతుంది. పట్టుగా మారేది పదో వంతు. తుప్పు పట్టిన మర ఆ పదో వంతునూ మింగేస్తుంది. అందుకే స్టడ్లు శుభ్రం చేసి, పాడైన నట్లు మార్చి, టార్క్ రెంచ్‌తో నడుమ నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో బిగించాలి. మరలకు గ్రీజు రాస్తే రాపిడి తగ్గి అదే టార్క్‌కు పట్టు మూడో వంతు దాకా పెరుగుతుంది. పొడి మరకు ఇచ్చిన అంకెను గ్రీజు రాసిన మరకు వాడితే స్టడ్డు సాగిపోయే ప్రమాదం ఉంది. గ్రాఫైట్ రకం ఒకసారి వేడెక్కి చల్లారాక కుంగుతుంది కాబట్టి, మాన్యువల్ ఒప్పుకుంటే, చల్లటి ఇంజను మీద మరోసారి చూడాలి. స్టీలు పొరల రకానికి ఆ అవసరం సాధారణంగా ఉండదు.

ముందు పైపుకు ఉంగరం ఆకారపు ప్యాకింగు, స్ప్రింగు బోల్టులు ఉండే కార్లలో సూత్రం వేరు. ఇంజను ఊగినప్పుడల్లా ఆ జాయింటు కీలులా కదలాలి. స్ప్రింగు పూర్తిగా నలిగేలా బిగిస్తే కదలిక ఆగి పైపే పగులుతుంది. ఉంగరం గుండ్రదనానికీ, పైపు గిన్నె గుండ్రదనానికీ తేడా ఉంటే ఎంత బిగించినా ప్రయోజనం లేదు. ఆ తేడా గల పార్టును తిరిగి ఇచ్చేయడమే మార్గం. బయటి పార్టు కొనేటప్పుడు కాలిఫోర్నియాలో ఉండే తెలుగువాళ్లకైతే ఇంకో షరతు కూడా ఉంది. అక్కడ వేసే బయటి కన్వర్టరు పెంకు మీద రాష్ట్ర వాయు వనరుల మండలి అనుమతి నంబరు ఉండాలి, అది ఆ బండికి వర్తించేదై ఉండాలి.

పని అయ్యాక పరీక్ష సులువే. ఇంజను చల్లగా, ఆఫ్‌లో ఉండగా సైలెన్సరు గొట్టంలోకి బ్లోయర్‌తో గాలి ఊది, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లితే కారే చోట బుడగలు వస్తాయి. కొన్ని రోజులు నడిచాక అంచున నల్లటి మసి చార కనిపించినా అదే అర్థం. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్యనున్న గోడ వైపు లీకును ఒక్కరోజు కూడా ఉపేక్షించకూడదు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, దానికి రంగూ వాసనా లేవు.

పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా అన్న భరోసా చాలదు. లీకులోంచి వచ్చిన గాలి పొగను పలచబరిచి, అక్కడి మీటరులో కార్బన్ మోనాక్సైడ్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపించగలదు. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అంకె అంత తేలిగ్గా మోసపోనివ్వదు. ఈసీయూ తన లెక్కకు మించి ఎంత శాతం పెట్రోలు కలుపుతోందో అది చెబుతుంది. పాత లెక్కలు చెరిపేసి, బండిని బాగా వేడెక్కేదాకా నడిపి, ఐడిల్‌లో ఒకసారి, 2,500 చుట్ల దగ్గర ఒకసారి చూడాలి. రెండు చోట్లా సున్నాకు అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే జాయింటు కుదిరినట్టే. వేగం మీద బాగుండి ఐడిల్‌లో మాత్రం పదిహేను, ఇరవై చూపిస్తుంటే గాలి ఎక్కడో ఇంకా లోపలికి వస్తోంది. అది ఇన్‌టేక్ వైపు గొట్టాల్లో అయినా కావచ్చు కాబట్టి వాటినీ చూసి, ఆ తర్వాతే నట్లు విప్పి, ప్యాకింగు మీద పడిన ముద్రను చదవాలి. నొక్కుడు గీత ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ మసి దాటిందో ఆ ముద్రలోనే ఉంటుంది. మళ్లీ వేసేది మాత్రం కొత్త ప్యాకింగే.